వంటస్వామి పేగు, మాఘమాసపు పెళ్ళి

శస్త్రచికిత్స చదువుతున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. "మీ కాలంలో ఈ యంత్రాలేవీ లేకుండా ఎలా నెట్టుకొచ్చారండీ?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పను. పోయినవాటి గురించీ లేనివాటి గురించీ గొప్పలు చెప్పుకోవడం మా వంశంలో చాలామంది చేసిన పని, నేను చెయ్యదలచుకోలేదు. దానికి బదులు వాళ్ళకు ఒక వంటస్వామి పేగు గురించి చెబుతాను. కుట్టిన పేగు ఎందుకు అతుకుతుంది, ఎందుకు అతకదు అన్నది ఆ మనిషి దగ్గర తెలిసినంత బాగా నాకు పుస్తకాల్లో తెలియలేదు.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. మాది కృష్ణ ఒడ్డున ఒక చిన్న ఎస్టేటు. ఎస్టేట్లు రద్దు కాకముందే మా తాతగారి వ్యాజ్యాలు దాన్ని సగం తినేశాయి. రద్దయ్యాక మిగతా సగం పోయింది. నేను వైద్యం చదువు ముగించేసరికి మాకు మిగిలింది పేరు ఒక్కటే. దాన్ని వాడుకోకూడదని నిర్ణయించుకున్నాను. ఆసుపత్రిలో ఎవరైనా "దొరగారూ" అంటే పలికేవాణ్ణి కాదు. దీనికి తోడు మా అమ్మ పెట్టిన నియమం ఒకటి ఉంది. తిరిగి పెట్టలేని వాళ్ళం ఎవరింటా విస్తరి ముందు కూర్చోకూడదు అని. అందుకని పెళ్ళికి పిలిస్తే వెళ్ళి, అక్షింతలు వేసి, తాంబూలం పుచ్చుకుని, విస్తళ్ళు పరవకముందే లేచి వచ్చేసేవాణ్ణి. "ఆయనకు పొగరు" అని ఊళ్ళో అనుకునేవారు. కాదని నేనెప్పుడూ అనలేదు.

యాభైల చివరి రోజుల్లో నేను పనిచేసింది గుంటూరు జిల్లాలో ఒక తాలూకా ఆసుపత్రి. ఒక పక్క దూది మిల్లు, ఇంకో పక్క మిర్చి కల్లాలు. కాయ ఎండబోసిన రోజుల్లో గాలి మా వైపు తిరిగిందంటే వార్డు వార్డంతా తుమ్ములూ దగ్గులూ. పొట్ట మీద కుట్లు పడ్డవాడు దగ్గితే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. అందుకని కాయ కోతలు మొదలైతే ఆ పక్క కిటికీలు మూసేసేవాళ్ళం.

డాక్టర్లం ఇద్దరమే. పెద్ద డాక్టరు గారు బందరు వైపు మనిషి. చెయ్యి వేగం, నోరు ఇంకా వేగం. నేను వద్దన్నకొద్దీ నన్ను "జమీందారూ" అని పిలిచేవారు. ఆయన పెద్దవారు కనుక ఊరుకునేవాణ్ణి. హెడ్ నర్సు బాపట్ల దగ్గర పల్లెలో కూలీల ఇంట పుట్టి, మిషను బడిలో చదువుకుని వచ్చిన మనిషి. ఆమెను అందరం సిస్టరు గారు అనేవాళ్ళం. మొహమాటం అన్నది ఆమెకు తెలియదు.

స్వామి రావడానికి కొద్ది నెలల ముందు ఆ మిల్లులో బేళ్ళు మోసే మనిషి ఒకడు పేగు మెలిపడి వచ్చాడు. మెలిపడటమంటే పెద్దపేగు చివర ఉండే పొడుగు మడత, తనను పట్టి ఉంచే పొర చుట్టూ తానే తిరిగిపోవడం. తడిబట్టను పిండినట్టు. రక్తనాళాలు వచ్చేది ఆ పొరలోంచే గనుక, మెలి పడిందంటే పేగుకు రక్తం అందదు, నల్లబడిపోతుంది. ఆ రోజు పెద్ద డాక్టరు గారు నల్లబడ్డ భాగం కోసి తీసేసి, మిగిలిన రెండు కొసలూ కలిపి కుట్టారు. అంత అందమైన కుట్టు నేను అంతవరకు చూడలేదు. ఆ మనిషి లేచి కూర్చున్నాడు, నవ్వాడు, వారం తిరక్కుండా చనిపోయాడు. మళ్ళీ తెరిచి చూస్తే దారాలన్నీ వేసినవి వేసినట్టే ఉన్నాయి. దారాల మధ్య పేగు మాత్రం కుళ్ళిపోయి ఉంది.

పెద్ద డాక్టరు గారు చేతులు కడుక్కుంటూ, "దారం నాది, రక్తం వాడిది. నా వంతు నేను చేశాను, ఆ కొసకి రక్తం వస్తోందా అని మాత్రం చూడలేదు," అన్నారు. ఆ తరవాత చాలా రోజులు నన్ను జమీందారూ అని పిలవలేదు.

ఇక స్వామి. ఆ చుట్టుపక్కల పెద్ద పెళ్ళిళ్ళకూ సంతర్పణలకూ వంట ఆయనదే. అందరూ వంటస్వామి అనేవారు. తండ్రి నాటి నుంచీ వాడుక ఇళ్ళున్నాయి. మడి కట్టుకుని వండుతాడు గనుక దేవుడికి నైవేద్యం కాకుండా రుచి చూడడు. గుండిగ మీద మూత తీసి, వాసన పట్టి, "ఇంకో గుప్పెడు ఉప్పు" అంటాడు. అది తప్పడం ఎవరూ చూడలేదు. ఆఖరి పంక్తి లేచేదాకా తాను తినడు.

కార్తీకమాసంలో ఒక సోమవారం పగలంతా ఉపవాసముండి, వనభోజనాలకు వండిపెట్టి, అందరూ తిన్నాక కడుపునిండా భోంచేశాడట. మర్నాడు ఎడ్లబండి మీద తెచ్చారు. పొట్ట మద్దెలలా బిగిసి ఉంది. లోపల ఏముందో కొయ్యకుండానే మా ఇద్దరికీ తెలుసు.

ఆయన మాట్లాడే స్థితిలో లేడు. భార్యతో చెప్పాను. "పేగు నల్లబడి ఉంటే కొసలు రెండూ కొన్నాళ్ళు పొట్ట మీద బయటపెట్టాల్సి రావచ్చు. విరేచనం అక్కడినుంచే వస్తుంది. తరవాత మూసేస్తాం."

ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మనిషి దక్కితే చాలు బాబూ. ఆయనకు మాత్రం ఇప్పుడు చెప్పకండి," అంది.

పేగు నల్లగానే ఉంది. కోసి తీసేశాక రెండు కొసలు మిగిలాయి. వేడి ఉప్పునీళ్ళలో ముంచిన గుడ్డలు వాటిపైన కప్పి వేచి చూశాం. ఆపరేషనులో అన్నిటికన్నా కష్టమైన పని చేతులు కట్టుకుని నిలబడటం. గుడ్డ తీసి చూస్తే కొసల రంగు కొంచెం తిరిగింది. అంచున కత్తెరతో కాస్త గాటు పెడితే రక్తం వచ్చింది గాని, నల్లగా, అయిష్టంగా, చెమట పట్టినట్టు వచ్చింది.

"ఏమంటావు?" అన్నారు పెద్ద డాక్టరు గారు. నన్ను అడగడం ఆయనకు అలవాటు లేదు.

"ఇది చాలదండీ."

"కుట్టు మాత్రం చక్కగా పడుతుంది."

"పోయినసారీ చక్కగానే పడిందండీ."

మత్తు ఇస్తున్న సిస్టరు గారు తల ఎత్తకుండా, "నాడి తగ్గుతోంది. మీరిద్దరూ తరవాత పోట్లాడుకోండి," అన్నారు. కొసలు రెండూ బయటికి తెచ్చి పొట్ట మీద కుట్టేశాం.

స్పృహ వచ్చిన తరవాత కట్టు మార్చేటప్పుడు ఆయన దాన్ని చూశాడు.

"ఇదేమిటి బాబూ?"

"మీ పేగే. కొన్నాళ్ళు బయట ఉంటుంది."

"దీనిలోంచా?"

"అవును."

కళ్ళు మూసుకున్నాడు. "మడి కట్టుకుని పొయ్యి దగ్గర నిలబడేవాణ్ణి. ఇది పెట్టుకుని ఎవరి పొయ్యి దగ్గరికి వెళ్ళమంటారు? నన్ను పోనివ్వాల్సింది," అన్నాడు. గొంతులో కోపం లేదు. సరుకు పుచ్చిపోయిందని చెప్పినట్టు చెప్పాడు.

ఎప్పుడు మూస్తారని అడిగాడు. బలం పుంజుకుంటే పుష్యమాసం చివర అన్నాను. అప్పుడు మొదటిసారి ఆయన ముఖంలో కళ కనిపించింది. పుష్యంలో ఎటూ ముహూర్తాలు ఉండవు. మాఘంలో ఆసుపత్రి ఉన్న ఊళ్ళోనే మిర్చి షావుకారు గారి అమ్మాయి పెళ్ళి. తాంబూలం ఎప్పుడో పుచ్చుకున్నాడు. ఆ పెళ్ళి ఆయన చెయ్యకపోతే ఇంకో వంటబృందం దిగుతుంది. ఒకసారి దిగితే వాడుక ఇళ్ళన్నీ ఒక్కొక్కటే అటు పోతాయి. ఒక్క పెళ్ళి పోయిందనుకుంటే బతుకుతెరువే పోతుంది.

"మాఘంలోపల, అంతే కదా. ఉంటాను," అన్నాడు.

సొంత ఊరికి మాత్రం వెళ్ళనన్నాడు. ఆసుపత్రి వెనక రోగుల బంధువులు వండుకునే పాక ఒకటి, దానికి ఆనుకుని ఒక గదీ ఉండేవి. భార్యాభర్తలు అందులో దిగారు. ఇప్పుడు మీకు పొట్టకు అంటించే సంచులున్నాయి, అప్పుడు లేవు. మిల్లు దూది దళసరిగా పేర్చి, గుడ్డతో నడుముకు కట్టడమే. సిస్టరు గారు కట్టు మార్చడానికి వెళితే ఆయన గోడ వైపు తిరిగిపోయేవాడు. ఆమె అటు వెళ్ళగానే బావి దగ్గరికి వెళ్ళి తలమీద చన్నీళ్ళు పోసుకునేవాడు. గుడ్డ తడిస్తే స్నానం. తడిసిందేమోనని అనుమానం వస్తే స్నానం. పుష్యమాసపు చలిలో.

ఒక రోజు ఆమె ఉండబట్టలేక అనేశారు. "స్వామిగారూ, ఇన్నిసార్లు నీళ్ళలో మునిగితే చేపకైనా జలుబు చేస్తుంది. నేను ముట్టుకున్నందుకా?"

ఆయన సిగ్గుపడ్డాడు. "నీకోసం కాదమ్మా. నాకోసం. నువ్వు ముట్టుకోకముందే నేను మైల."

"మైలైతే సబ్బుతో కడుక్కోండి. చలితో కాదు," అని ఆమె వెళ్ళిపోయారు.

ఒకరోజు నేను ఆయన కాలు చూశాను. మోకాలి కింద బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. దవడలు లోపలికి పోయాయి, కాళ్ళు మాత్రం ఉబ్బాయి. పొట్ట మీది కోత ఒక మూల మానకుండా నీరు కారుతోంది. ఆపరేషను నాటికన్నా మనిషి పాడైపోయాడు.

"ఏం తింటున్నారు స్వామీ?"

"తింటూనే ఉన్నాను బాబూ."

తలుపు దగ్గర నిలబడ్డ భార్య, "నాలుగు మెతుకులు, మజ్జిగ తేట. అవి కూడా నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంటేనే," అంది.

"నువ్వూరుకోవే."

"ఎందుకు తినటం లేదు?" అన్నాను.

"తింటే వస్తుంది. తినకపోతే రాదు. ఇంతే కదా బాబూ," అన్నాడు, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు. "లోపలికి వెయ్యకపోతే శుభ్రంగా ఉంటుంది. మాఘం దాకా ఎలాగో లాక్కొస్తాను. మీరు మూసేస్తే అప్పుడు తింటాను."

ఇలాంటి పొరపాటు ఇంకెవరూ చెయ్యలేరనిపించింది నాకు. వందలమందికి కడుపు నింపే మనిషి, మడి కోసం తన కడుపు మాడ్చుకుంటున్నాడు. కొసలకు రక్తం రావడం ఒక్కటే చాలదనీ, ఆ రక్తంలో సరుకు ఉండాలనీ చెప్పాను. పప్పూ పెరుగూ నెయ్యీ లేకుండా వచ్చే రక్తం ఖాళీ బండి లాంటిది, కుట్టిన చోటికి వెళుతుంది గాని దించడానికి ఏమీ ఉండదు అన్నాను. ఈ స్థితిలో మూస్తే బేళ్ళు మోసే మనిషికి పట్టిన గతే పడుతుందని కూడా చెప్పాను.

"అయితే మూయరా?"

"ఇలా ఉంటే మూయను."

"మీరు కాకపోతే ఇంకో ఊళ్ళో ఇంకొకరు మూస్తారు."

పెద్ద డాక్టరు గారితో చెబితే, "వెళ్ళనీ. ఇష్టపడి వెళుతున్నట్టు సంతకం తీసుకో," అన్నారు. మళ్ళీ ఆయనే, "పొద్దున్నే ఆ పేగును గోరువెచ్చటి నీళ్ళతో కడిగి ఖాళీ చేయించు. మద్రాసులో మా ప్రొఫెసరు గారు చేయించేవారు. అలవాటైతే సాయంత్రం దాకా ఏమీ రాదు. తిన్నా సరే," అన్నారు.

ఆ మాట పట్టుకుని వెనక్కి వెళ్ళాను. స్వామి విన్నాడు. కడుక్కోవడానికి ఒప్పుకున్నాడు. తినడానికి మాత్రం ఒప్పుకోలేదు.

"బాబూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరు ఎవరింటా భోంచెయ్యరట. నేను వండిన పెళ్ళిళ్ళకే వచ్చి అక్షింతలు వేసి వెళ్ళిపోయారు, నేను చూశాను. ఎందుకు?"

"అది నా నియమం."

"ఇది నా నియమం," అన్నాడాయన.

ఇంటికి వెళ్ళిపోయాను. నేను రోగితో వాదించి ఓడిపోవడం అదే మొదలు. ఓడిపోవడం కన్నా, ఆ మనిషి నన్ను తనలాంటివాడి కింద జమకట్టడం ఎక్కువ ఇబ్బంది పెట్టింది. మర్నాడు పొద్దున రౌండ్లు కాగానే పాక దగ్గరికి వెళ్ళాను.

"మీరు వండండి. మధ్యాహ్నం నేను ఇక్కడే తింటాను. నేను తిన్నంత మీరూ తినాలి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఇది పెట్టుకుని నేను వండటమా?"

"నాకు అభ్యంతరం లేదు."

"మీకు లేకపోతే సరిపోతుందా?"

"ప్రస్తుతానికి తినేవాణ్ణి నేనే కదా."

ఆయన పొయ్యి వైపు ఒకసారి చూశాడు. తరవాత భార్య వైపు తిరిగి, "పెసరపప్పు ఉందా?" అన్నాడు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం పాకలో రెండు విస్తళ్ళు పడేవి. ముద్దపప్పు, నెయ్యి, కంద కూర, మజ్జిగ పులుసు, గడ్డ పెరుగు. నేను మారు వడ్డించమంటే ఆయనా మారు వడ్డించుకోవాలి. అందుకని ఆకలి లేని రోజున కూడా మారు వడ్డించమనేవాణ్ణి. మొదటి రోజుల్లో ముద్ద ముద్దకూ చెయ్యి నడుముకట్టు మీదికి వెళ్ళేది. సాయంత్రం దాకా పొడిగా ఉందని తెలిశాక ఆ చెయ్యి వెళ్ళడం మానేసింది. స్నానాలు కూడా ఒకటికి దిగాయి.

ఈ సంగతి దాగలేదు. పెద్ద డాక్టరు గారు వార్డులో అందరి ముందూ, "జమీందారు గారు ఆసుపత్రిలో సంతర్పణ మొదలుపెట్టారట," అన్నారు. సిస్టరు గారు నా చొక్కా బొత్తాల వైపు చూసి, "వాపు ఆయన కాళ్ళ నుంచి మీ పొట్టకి మారినట్టుందండీ," అన్నారు.

వాపు నిజంగానే తీసింది. మానని మూల కూడా ఎర్రగా, ఆరోగ్యంగా పూడుకుంటూ వచ్చింది. కాని పోయిన రోజులు పోయాయి. మాఘంలోపల మూసే బలం ఇంకా రాలేదు. ఆ మాట చెప్పాల్సిన రోజున నేను పప్పు కలుపుకుంటూ చెప్పాను.

"పెళ్ళి అయ్యాకే మూస్తాం స్వామీ."

ఆయన ముద్ద విస్తట్లో పెట్టేశాడు. "మరి నా పెళ్ళి?"

"మీరే చెయ్యండి. కుర్చీలో కూర్చుని చెప్పండి. గుండిగలు ఎత్తేవాళ్ళు ఎత్తుతారు."

"తినేవాళ్ళు?"

దానికి జవాబు నా చేతిలో లేదు. షావుకారు గారి చేతిలో ఉంది. ఆయన రెండు రోజుల తరవాత తానే వచ్చారు. మేమిద్దరం విస్తళ్ళ ముందు ఉన్నాం. చెప్పులు బయట విడిచి, గడప దగ్గరే నిలబడి మమ్మల్ని చూశారు. స్వామి తల దించుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

"డాక్టరు గారూ, ఆయన చేతి వంట నాకు ప్రాణం. మా అన్నల పెళ్ళిళ్ళూ నా పెళ్ళీ వాళ్ళ నాన్నే చేశాడు," అన్నారు షావుకారు గారు. "కాని ఊరందరికీ తెలిసిపోయింది. మగపెళ్ళివారు చీరాల వాళ్ళు, వాళ్ళకీ తెలిసింది. విస్తరి ముందు కూర్చుని ఎవరైనా లేచిపోతే నా పరువేం కావాలి?"

"పొద్దున కడుక్కుంటే సాయంత్రం దాకా ఏమీ రాదు. పైన మందంగా కట్టు ఉంటుంది. గిన్నె ముట్టుకోరు. డాక్టరుగా నేను పూచీ."

"మీ పూచీ నాకు చాలండీ. ఊరికి చాలదు."

నిజమే చెప్పారు. డాక్టరు మాట ఊరికి వైద్యం దగ్గర పనికొస్తుంది, పంక్తి దగ్గర పనికిరాదు. అక్కడ చెల్లేది నా దగ్గర ఒక్కటే ఉంది.

"మొదటి పంక్తిలో నేను కూర్చుంటాను," అన్నాను.

షావుకారు గారు నా వైపు తేరిపార చూశారు. నేను ఎక్కడా భోంచెయ్యనని ఆయనకు తెలుసు. ఆయన కూతురి నిశ్చితార్థానికి వెళ్ళి తాంబూలంతో లేచి వచ్చేశాను మరి.

"కూర్చోవడమంటే, డాక్టరు గారుగానా?"

"కాదు. మా తాతగారి మనవడిగా. అలాగే చెప్పుకోండి ఊళ్ళో."

ఆయన నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. ఇంట్లో ఈ మాట మా అమ్మతో చెప్పాను. "పంచె ఇస్త్రీ చేయించుకో," అంది.

పెళ్ళి రోజు పందిరి వెనక వంటపాకలో స్వామి కుర్చీలో కూర్చున్నాడు. పట్టుపంచె, దాని కింద దూది కట్టు. సహాయకులు గుండిగ మూత తీసి ఆవిరి ఆయన వైపు విసురుతున్నారు. వాసన పట్టి చెబుతున్నాడు. గొంతు వెనకటి గొంతే. కట్టు మాత్రం తెల్లవారుజామున సిస్టరు గారు వచ్చి స్వయంగా బిగించి వెళ్ళారు.

భోజనాలకు పిలుపు వచ్చింది. షావుకారు గారు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మొదటి పంక్తి తలదగ్గర కూర్చోబెట్టారు. నా వెనక ఎవరూ రాలేదు. విస్తళ్ళు వరసగా పరిచి ఉన్నాయి, మంచినీళ్ళ గ్లాసులు పెట్టి ఉన్నాయి, పీటలన్నీ ఖాళీ. పెద్దమనుషులు పందిరి రాటల దగ్గర గుంపుగా నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. "దొరగారు కూర్చున్నారు కదా," అన్నారెవరో. "కూర్చున్నారు. తింటారో లేదో చూద్దాం," అన్నారింకెవరో. వంటపాక గుమ్మంలో స్వామి లేచి నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి కట్టు మీద ఉంది. ఆ చెయ్యి అక్కడికి వెళ్ళడం చాలా రోజుల తరవాత చూశాను.

నేను పక్కకి చూడలేదు. ఎవరినీ పిలవలేదు. పిలవడం మా ఇంట్లో ఎవరికీ రాదు. వడ్డించేవాడితో, "పప్పు వెయ్యి," అన్నాను. అతను వేశాడు. నెయ్యి వేశాడు. కలుపుకుని తినడం మొదలుపెట్టాను. అంతమంది చూస్తుండగా ఒక్కణ్ణే తినడం ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది. మెడ మాత్రం వంచలేదు.

అప్పుడు వెనకనుంచి పెద్ద డాక్టరు గారి గొంతు వినిపించింది. "ఏమయ్యా జమీందారూ, పాకలో తిన్నది చాలక ఇక్కడ కూడా ఒక్కడివే కానిచ్చేద్దామనుకున్నావా? జరుగు." నా పక్కన ధబ్బున కూలబడి, కండువా తీసి తొడ మీద వేసుకుని, వడ్డించేవాడి మీద అరిచారు. "నాకేదిరా పప్పు? నేనేమన్నా ఆడపెళ్ళివారి ముసలమ్మనా, ఆఖరి పంక్తి దాకా ఆగడానికి?"

రాటల దగ్గర ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో ఒకాయన వచ్చి కూర్చున్నారు. ఆయన వెనక వియ్యంకుడు గారు. తరవాత పీటలు చాలక రెండో వరస పరిచారు. పులిహోర వచ్చేసరికి ఎవరికీ కట్టు సంగతి జ్ఞాపకం లేదు. మారు అడగడంలో ఉన్నారు.

మర్నాడు ఆసుపత్రిలో, "మీకు భోజనం అందిందా సిస్టరు గారూ?" అన్నాను.

"నన్ను పందిట్లోకి పిలవరు కదండీ. క్యారేజీ పంపారు," అన్నారామె, సిరంజిలు మరగబెడుతూ. "బాగానే ఉంది. అప్పడాలు మెత్తబడ్డాయి."

ఫాల్గుణంలో ఎండలు ముదరకముందు పేగు మూశాం. ఈసారి కత్తి నా చేతిలో ఉంది, పెద్ద డాక్టరు గారు సాయం చేశారు. కొసలను పొట్టగోడ నుంచి విడదీసి, అంచు కొద్దిగా కత్తిరించాను. రక్తం ఎర్రగా, తొందరగా, చుక్కలు చుక్కలుగా వచ్చింది. నేను గుడ్డ తీసుకుని తుడవబోయాను.

"తుడవకు," అన్నారాయన. "కాసేపు చూడనీ."

ఇద్దరం చూశాం. పిల్లలూ, అంతకన్నా మంచి రంగు మన వృత్తిలో ఇంకొకటి లేదు. తరవాత కుట్టాను. నా కుట్టు ఆయన కుట్టంత అందంగా ఉండదు. ఆ సంగతి ఆయన చెప్పారు కూడా. అయినా అతికింది. కల్లాల వైపు కిటికీలు మూసి ఉన్నా స్వామి దగ్గాడు, తుమ్మాడు. అయినా అతికింది. లోపల కదలిక వచ్చిన రోజున ఆ కబురు నాకు నేరుగా చెప్పలేక భార్యను పంపాడు. ఆవిడా చెప్పలేక సిస్టరు గారితో చెప్పింది. సిస్టరు గారు వార్డు ఈ చివరనుంచి ఆ చివరకు వినపడేలా చెప్పారు.

మళ్ళీ మాఘం వచ్చినప్పుడు ఆయన మా ఇంటికి వచ్చాడు. ఒళ్ళు చేశాడు, గొంతు పెరిగింది. ప్రత్తిపాడులో ఒక పెద్ద పెళ్ళి ఒప్పుకున్నాడట, పిలుపు చెప్పడానికి వచ్చాడు. ఇంటివాళ్ళ తరఫున పిలుస్తున్నాడేమో, నేను మళ్ళీ మొదటి పంక్తిలో కూర్చోవాలేమో అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, అందుకు సిద్ధపడే ఉన్నాను. అప్పుడే వీపు నిటారు చేసుకున్నాను కూడా.

"ఎన్నో పంక్తిలో కూర్చోమంటారు?" అన్నాను.

ఆయన నవ్వాడు. "ఆ ఇబ్బంది ఇక లేదు బాబూ. మీరు రాకపోయినా తింటారు. ఆకలైతే రండి, అంతే."

నా ఉద్యోగ జీవితంలో నాకు దక్కిన మాటల్లో అంత మంచిది ఇంకొకటి లేదు. అయినా కొంచెం గుచ్చుకుంది, దాచుకోను.

వెళ్ళాను. నన్ను ఎవరూ గుర్తుపట్టలేదు. మూడో పంక్తిలో, రాట పక్కన చోటు దొరికింది.